ఒకే బాప్తిస్మం, వేర్వేరు బల్లలు: క్రైస్తవ సంఘాల ఐక్యత అంటే అసలేమిటి?

2025 నవంబరు చివరి వారంలో పోప్ 14వ లియో, ఆర్థడాక్సు సంఘాధిపతుల్లో గౌరవ ప్రథముడైన కాన్‌స్టాంటినోపుల్ (నేటి ఇస్తాంబుల్) పేట్రియార్క్ బర్తలోమయి టర్కీలోని ఇజ్నిక్ పట్టణంలో కలిసి ప్రార్థించారు. ప్రాచీన నీసియా అదే. క్రీస్తు దైవత్వాన్ని గురించిన వివాదాన్ని తేల్చడానికి 325లో బిషప్పులు సమావేశమైన చోటు అది. ఆ తర్వాత ఇస్తాంబుల్‌లో పేట్రియార్క్ జరిపించిన ఆరాధనకు కూడా పోప్ హాజరయ్యారు కాని, అక్కడ పంచిన రొట్టెను, ద్రాక్షారసాన్ని పుచ్చుకోలేదు. ఈ వార్తను చదివినవారికి రెండు సందేహాలు కలగడం సహజం. రోమన్ కథోలికులు, ఆర్థడాక్సులు ఒకటైపోయారా? ఒకటి కాకపోతే ఈ కలిసి ప్రార్థించడానికి అర్థమేమిటి?

రెండు సందేహాలకూ సమాధానం ఒకచోటే ఉంది. సంఘాల మధ్య ఐక్యత అనేది ఉంటే పూర్తిగా ఉండి, లేకపోతే పూర్తిగా లేకుండా పోయే వ్యవహారం కాదు. దానికి అనేక స్థాయిలున్నాయి. ఒక స్థాయిలో ఎప్పుడో ఒక్కటైన సంఘాలు మరో స్థాయిలో వెయ్యేళ్లుగా విడివిడిగానే ఉండవచ్చు.

## ఐక్యత అన్నప్పుడు ఎవరి మనసులో ఏముంటుంది

వీటిలో అన్నిటికంటే సులువైనది ఆత్మీయ ఐక్యత. ఏ సంఘపు రిజిస్టరులో పేరున్నా, క్రీస్తును ప్రభువుగా నమ్మినవారందరూ కంటికి కనిపించని ఒకే శరీరంలో అవయవాలనే భావన ఇది. దీనికి ఒప్పందాలు గాని కమిటీలు గాని అక్కర్లేదు. యోహాను సువార్త 17వ అధ్యాయంలో తన శిష్యులు ఏకమై ఉండాలని యేసు చేసిన ప్రార్థన ఈ ఐక్యతను గురించినదేనని చాలామంది సువార్తిక, బాప్టిస్టు, బ్రదరన్ విశ్వాసులు భావిస్తారు. లోకం చూసి నమ్మేటట్లు ఏకమై ఉండాలని ఆ ప్రార్థనలోనే ఉంది కాబట్టి, ఆ ఐక్యత కంటికి కనిపించాల్సిందేనని ఎక్యుమెనికల్ ఉద్యమంలో ఉన్నవారు అంటారు. సంఘాల ఐక్యత కోసం గత నూరేళ్లకు పైగా సాగుతున్న ప్రయత్నాలన్నిటికీ కలిపి ఎక్యుమెనికల్ ఉద్యమమని పేరు.

ఆ తర్వాతది సహకారం. బైబిలు అనువాదం, ఆసుపత్రుల నిర్వహణ, శరణార్థులకు ఆశ్రయం వంటి పనులను కలిసి చేయడానికి ఎవరూ తమ బోధలో ఒక్క అక్షరం కూడా మార్చుకోవాల్సిన పని లేదు. బైబిలు సొసైటీలు, వాటికన్ కలిసి అనువాద సూత్రాలను రూపొందించుకున్నది 1968లో. అప్పటికీ ఇప్పటికీ పోప్ అధికారంపై ఆ రెండు వర్గాల అభిప్రాయాలు కలవలేదు, అయినా అనువాదాలు ఆగలేదు.

సహకారాన్ని దాటితే చిక్కులు మొదలవుతాయి. ఒక సంఘం ఇచ్చిన బాప్తిస్మాన్ని మరో సంఘం చెల్లుబాటుగా ఒప్పుకోవడం ఒక స్థాయి అయితే, రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ప్రభువు బల్లలో ఒకరి సభ్యులకు మరొకరు చోటివ్వడం అంతకంటే పై స్థాయి. ఒక సంఘపు పాస్టరు మరో సంఘంలో బాప్తిస్మం, ప్రభువు భోజనం వంటి సంస్కారాలను జరిపించగలగడం ఇంకా పైది. వేర్వేరు సంఘాలు తమ పాత పేర్లను, పాలక సభలను వదులుకుని ఒకే సంఘంగా ఏర్పడే విలీనం చివరిది. ఐక్యత అనగానే చాలామంది భయపడేది ఈ చివరిదానికే కాని, ప్రపంచంలో సంతకాలైన ఒప్పందాల్లో ఎక్కువ భాగం మధ్య స్థాయిలకు చెందినవి.

ఇక్కడొక పేచీ ఉంది. అన్ని సంఘాలనూ శాఖలని పిలవడం ప్రొటెస్టెంటుల అలవాటు. కథోలికులు గాని, ఆర్థడాక్సులు గాని తమను ఒక శాఖగా అంగీకరించరు. క్రీస్తు స్థాపించిన సంఘం తమలో తెగకుండా కొనసాగుతున్నదని రెండు వర్గాలూ నమ్ముతాయి. ఐక్యత చర్చలకు వచ్చేవారు సమాన హోదాలో కూర్చున్నా, ఎదుటివారు ఎవరన్న విషయంలో వారి లెక్కలు సమానంగా ఉండవు.

## చీలికలన్నీ ఒక రకమైనవి కావు

431లో ఎఫెసు మహాసభ తర్వాత పర్షియాలోని తూర్పు సంఘం, 451లో కల్సెదోను మహాసభ తర్వాత ఈజిప్టు కోప్టిక్, ఆర్మేనియా, సిరియా సంఘాలు వేరుపడ్డాయి. క్రీస్తులోని దైవ మానవ స్వభావాలను ఏ పదాలతో చెప్పాలన్నది అప్పటి వివాదం. 1054లో రోము, కాన్‌స్టాంటినోపుల్ ప్రతినిధులు ఒకరినొకరు వెలివేసుకున్నారు. పరిశుద్ధాత్మ తండ్రి నుంచి బయలుదేరుతున్నాడని చెప్పే నీసియా విశ్వాస ప్రమాణంలో పశ్చిమ సంఘం 'కుమారుని నుంచి కూడా' అని చేర్చడం, పోప్ అధికార పరిధి, పులిసిన రొట్టెనా పులియని రొట్టెనా అన్న ఆచార భేదం అన్నీ అందులో కలగలిసి ఉన్నాయి. 1517లో లూథరు లేవనెత్తిన ప్రశ్నలు వేరు. దేవుని యెదుట మనిషి నీతిమంతుడుగా ఎలా తీర్చబడతాడు, ఆ సంగతిని తేల్చే అధికారం లేఖనానిదా, సంఘానిదా అన్నవి అవి.

సంస్కరణవాదులు తమలో తాము ఎందుకు విడిపోయారో తెలుసుకోవడానికి 1529 నాటి మార్బర్గ్ సమావేశం చాలు. జర్మనీ సంస్కర్త లూథరు, స్విట్జర్లాండ్ సంస్కర్త జ్వింగ్లీ అక్కడ 15 అంశాలను చర్చించి 14 అంశాలపై ఏకీభవించారు. పదిహేనోదానిలో కూడా చాలా భాగంపై ఒప్పుకుని, ప్రభువు భోజనంలోని రొట్టె ద్రాక్షారసాల్లో క్రీస్తు శరీర రక్తాలు నిజంగా ఉన్నాయా లేదా అన్న ఒక్క సంగతి దగ్గర ఆగిపోయారు. ఆ ఒక్క భేదం ప్రొటెస్టెంటు సంఘాలను లూథరన్, రిఫార్మ్డ్ అనే రెండు పాయలుగా నాలుగున్నర శతాబ్దాలు విడదీసి ఉంచింది.

సిద్ధాంతంతో సంబంధం లేని చీలికలకూ కొదువ లేదు. రాజుల ప్రయోజనాలు, సామ్రాజ్యాల సరిహద్దులు, భాష, జాతి, బానిసత్వంపై వచ్చిన విభేదాలు ఎన్నో సంఘాలను విడదీశాయి. ఆసియా, ఆఫ్రికాల్లోని విశ్వాసుల్లో చాలామందికైతే శాఖను ఎంచుకునే సందర్భమే రాలేదు. మిషనరీ సొసైటీలు ఒకరి క్షేత్రంలోకి ఒకరు రాకుండా ప్రాంతాలను పంచుకునేవి. ఒక జిల్లాలో నమ్మినవారు మెథడిస్టులయ్యారు, నది అవతల నమ్మినవారు లూథరన్లయ్యారు. ఇంగ్లండులోనో జర్మనీలోనో జరిగిన తగవు తాలూకు పేరు, ఆ తగవేమిటో తెలియని కుటుంబాలకు ఇంటిపేరులా అంటుకుంది.

## మిషన్ క్షేత్రంలో పుట్టిన ఉద్యమం

ఈ అసంబద్ధతను ముందుగా గుర్తించినవారు మిషనరీలు, వారితో పనిచేసిన స్థానిక క్రైస్తవులు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభను ఆధునిక ఎక్యుమెనికల్ ఉద్యమానికి ఆరంభంగా చెబుతారు. సుమారు 1,200 మంది ప్రతినిధుల్లో ఆసియావారు ఇరవై మందికి లోపే. కథోలికులు, ఆర్థడాక్సులు లేరు. తర్వాత రెండేళ్లకు దోర్నకల్ బిషప్పు కాబోతున్న వి.ఎస్. అజరయ్య ఆ సభలో మాట్లాడుతూ, మిషనరీలు మా కోసం ఆస్తులను, ప్రాణాలను అర్పించారు, మాకు స్నేహితులను కూడా ఇవ్వండని అడిగారు. శాఖల విషయం అటుంచి, ఒకే శాఖలోని తెల్లవారికీ నల్లవారికీ మధ్య ఐక్యత ఎక్కడుందన్నది ఆ మాటలోని పోటు.

ఎడింబరో తర్వాత ఉద్యమం రెండు పాయలుగా సాగింది. సిద్ధాంతం విడదీస్తుంది, సేవ కలుపుతుందన్నది మొదటి పాయ నమ్మకం. స్వీడన్ ఆర్చిబిషప్పు నాథన్ సోడర్‌బ్లోమ్ నాయకత్వంలో 1925లో స్టాక్‌హోమ్‌లో సమావేశమైనవారు యుద్ధం, పేదరికం, కార్మిక సమస్యలపై సంఘాలు కలిసి పనిచేయాలన్నారు. సిద్ధాంత భేదాలను పక్కన పెట్టినంత మాత్రాన అవి మాయం కావని తలచినవారు 1927లో లోజాన్‌లో సమావేశమై, విశ్వాసం, సంఘ వ్యవస్థ అనే అంశాలనే నేరుగా చర్చకు తెచ్చారు. ఈ రెండూ కలిసి 1948లో ఆమ్‌స్టర్‌డామ్‌లో 147 సభ్య సంఘాలతో ప్రపంచ చర్చీల మండలిగా ఏర్పడ్డాయి. నేడు జెనీవా కేంద్రంగా ఉన్న ఆ మండలిలో దాదాపు 350 సంఘాలున్నాయి. రష్యాతో సహా అనేక ఆర్థడాక్సు సంఘాలు 1961లో న్యూఢిల్లీ మహాసభలో చేరాయి.

ఈ మండలి అన్ని సంఘాలకూ పైన కూర్చునే మహా సంఘమనీ, అందులో చేరితే తమ స్వేచ్ఛ పోతుందనీ ఒక అపోహ ఉంది. 1950లో టొరంటోలో చేసిన ప్రకటనలో మండలి తాను మహా సంఘాన్ని కాననీ, ఎన్నడూ కాకూడదనీ రాసుకుంది. సభ్యత్వం తీసుకున్నంత మాత్రాన ఒక సంఘం ఇతర సభ్య సంఘాలను పూర్తి అర్థంలో సంఘాలుగా ఒప్పుకున్నట్టు కాదని కూడా అందులోనే ఉంది. అంటే సభ్యుల్లో కొందరు పక్క కుర్చీలోని సభ్యుడిది అసలు సంఘమేనా అన్న అనుమానంతోనే కూర్చోవచ్చు. వింతగా తోచినా, ఆర్థడాక్సులు చేరగలిగింది ఈ వెసులుబాటు వల్లనే.

## రోము వైఖరి మారిన తీరు

1928లో పోప్ 11వ పయస్ ఇలాంటి సమావేశాల్లో కథోలికులు పాల్గొనరాదని ఆదేశించారు. విడిపోయినవారు నిజమైన సంఘానికి తిరిగి రావడమే ఐక్యతకు మార్గమన్నది ఆనాటి బోధ. 36 ఏళ్ల తర్వాత, 1964 నవంబరులో రెండో వాటికన్ మహాసభ ఆమోదించిన శాసనం వేరే స్వరంతో మాట్లాడింది. చీలికల్లో రెండు పక్షాల మనుషులకూ తప్పున్నదని ఒప్పుకుంది. సరిగా బాప్తిస్మం పొందినవారు ఇప్పటికే కథోలిక శ్రీసభతో, అసంపూర్ణంగానే అయినా, ఒక సహవాసంలో ఉన్నారని చెప్పింది. అయినా క్రీస్తు సంఘం పూర్ణత కథోలిక శ్రీసభలోనే నిలిచి ఉన్నదన్న నమ్మకాన్ని వదులుకోలేదు. ఈ రెండు మాటల్లో ఏదో ఒకటే వినడం వల్ల, రోము పూర్తిగా మారిందనేవారూ ఏమీ మారలేదనేవారూ పుట్టుకొచ్చారు.

1965 డిసెంబరు 7న పోప్ 6వ పౌలు, పేట్రియార్క్ అథెనగోరస్ 1054 నాటి పరస్పర బహిష్కరణలను రద్దు చేశారు. దాంతో చీలిక ముగిసిందని తరచూ రాస్తుంటారు. అది సరి కాదు. వెలి ఎత్తివేశారు కాని, బల్ల సహవాసం పునరుద్ధరించలేదు. కథోలిక శ్రీసభ నేటికీ ప్రపంచ చర్చీల మండలిలో సభ్యురాలు కాదు. అయితే 1968 నుంచి ఆ మండలికి చెందిన విశ్వాస, వ్యవస్థల కమిషన్‌లో కథోలిక వేదాంతులు పూర్తి సభ్యులుగా ఉన్నారు.

451 నాటి చీలిక విషయంలో పురోగతి ఎక్కువ. 1973లో పోప్ 6వ పౌలు, కోప్టిక్ పోప్ 3వ షెనూదా క్రీస్తు స్వభావాన్ని గురించి ఉమ్మడి ప్రకటన చేశారు. పదిహేను శతాబ్దాల తగవులో రెండు పక్షాలూ వేర్వేరు పదాలతో దాదాపు ఒకే విశ్వాసాన్ని కాపాడుకుంటూ వచ్చాయని దాని సారాంశం.

## ఒక విశ్వాసి సంఘం మారితే ఏమవుతుంది

సూత్రాల కంటే ఉదాహరణ త్వరగా అర్థమవుతుంది. శిశువుగా ఉన్నప్పుడు మెథడిస్టు సంఘంలో తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం పొందిన ఒక వ్యక్తిని ఊహించుకుందాం.

అతడు కథోలికుడు కావాలనుకుంటే మళ్లీ జ్ఞానస్నానం ఇవ్వరు. నీటితో, త్రియేక నామంలో జరిగిన బాప్తిస్మం ఎవరు ఇచ్చినా చెల్లుతుందన్నది కథోలికుల నియమం. విశ్వాసాన్ని ఒప్పుకున్నాక, దానిలో స్థిరపరిచే కన్ఫర్మేషన్ సంస్కారం ఇచ్చి చేర్చుకుంటారు. అతడు బాప్టిస్టు సంఘానికి వెళితే చాలా చోట్ల ముంచి బాప్తిస్మం ఇస్తారు. వారి దృష్టిలో అది రెండోసారి ఇవ్వడం కాదు. స్వయంగా నమ్మని శిశువుకు జరిగినది బాప్తిస్మమే కాదు కాబట్టి ఇదే మొదటిది. ఆర్థడాక్సు సంఘాల్లో ఒకే పద్ధతి లేదు. కొన్ని చోట్ల పరిశుద్ధ తైలంతో అభ్యంగనం చేసి చేర్చుకుంటారు, కొన్ని చోట్ల బాప్తిస్మం నుంచే మొదలుపెడతారు. యేసు నామంలో మాత్రమే బాప్తిస్మమిచ్చే కొన్ని పెంతెకొస్తు సంఘాల నుంచి వచ్చినవారి బాప్తిస్మాన్నయితే త్రియేక నామం లేదన్న కారణంతో చాలా సంఘాలు ఒప్పుకోవు.

అతడు సంఘం మారకుండా మెథడిస్టుగానే ఉంటూ ప్రభువు బల్లలో పాలు పొందాలనుకుంటే లెక్క మారుతుంది. లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లో చాలావరకు అతడిని రానిస్తాయి. కథోలిక నియమాల ప్రకారం ఆర్థడాక్సు విశ్వాసి తనంతట తాను కోరితే దివ్య సత్ప్రసాదం ఇవ్వవచ్చు. ప్రొటెస్టెంటు విశ్వాసికైతే ప్రాణాపాయం వంటి తీవ్రమైన అవసరంలో, కొన్ని షరతులతోనే ఇస్తారు. ఆర్థడాక్సులు ఇంకా ఖచ్చితంగా ఉంటారు. ఇక్కడ రెండు దృక్పథాలు ఢీకొంటాయి. కలిసి భుజించడం ఐక్యతకు దారి అని ప్రొటెస్టెంటుల్లో చాలామంది అంటే, విశ్వాసంలో ఐక్యత కుదిరాక దానికి గుర్తుగా భుజించాలి గాని ముందే భుజిస్తే లేనిదాన్ని ఉన్నట్టు చూపడమవుతుందని కథోలికులు, ఆర్థడాక్సులు అంటారు. వారి నిరాకరణను అహంకారంగా చూడడం తేలికే కాని, ఆ వాదనలో నిజాయితీ ఉందని గమనించాలి.

ఇప్పుడు ఆ వ్యక్తిని పాస్టరుగా ఊహించుకుంటే అసలు ముడి బయటపడుతుంది. ఆర్థడాక్సు గురువు కథోలికుడైతే అతడి గురుపట్టాన్ని చెల్లుబాటుగానే ఎంచుతారు. ఆంగ్లికన్ గురువైతే మళ్లీ అభిషేకిస్తారు, ఎందుకంటే ఆంగ్లికన్ అభిషేకాలు పూర్తిగా చెల్లవని 1896లో పోప్ 13వ లియో తీర్పు చెప్పారు. అపొస్తలుల కాలం నుంచి చేతులుంచడం ద్వారా తెగకుండా వస్తున్న బిషప్పుల పరంపర ఉందా లేదా అన్నది ఇందులోని కొలమానం. ఆ పరంపర సంఘానికి ప్రాణమని ఒక పక్షం, మేలైనదే కాని తప్పనిసరి కాదని ఒక పక్షం, అపొస్తలుల బోధలో నిలిచి ఉండడమే నిజమైన పరంపర అని మరో పక్షం. బల్ల దగ్గర కనిపించే అడ్డంకుల్లో చాలావాటికి వేరు ఇక్కడే ఉంది. బల్ల ఎవరిదన్న ప్రశ్న చివరికి ఆ బల్ల దగ్గర నిలబడి ప్రార్థించేవాడికి ఆ అధికారం ఎవరిచ్చారన్న ప్రశ్నగా తేలుతుంది.

## దక్షిణ ఇండియా సంఘం: ముడిని ఎలా విప్పారు

ఈ ముడిని ఆచరణలో విప్పిన మొదటి ప్రయత్నం దక్షిణ భారతదేశంలో జరిగింది. ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు 1908లోనే దక్షిణ భారత ఐక్య సంఘంగా కలిశాయి. 1919లో తరంగంబాడిలో సమావేశమైన పాస్టర్లు, మాకు ఏ ప్రమేయమూ లేని చీలికలు బయటి నుంచి వచ్చి మాపై పడ్డాయని ప్రకటించి, బిషప్పులున్న ఆంగ్లికన్ సంఘమూ, బిషప్పులు లేని ఐక్య సంఘమూ కలిసి ఒకే సంఘంగా ఏర్పడాలని ప్రతిపాదించారు. అజరయ్య వారిలో ముఖ్యులు. తర్వాత మెథడిస్టులూ చర్చల్లో చేరారు.

చర్చలకు 28 ఏళ్లు పట్టింది. ప్రభువు భోజనం, బాప్తిస్మం, విశ్వాస ప్రమాణాలపై రాజీ కుదరడానికి అంత కాలం అక్కర్లేకపోయింది. కాలమంతా మింగింది పాస్టర్ల అభిషేకమే. బిషప్పు చేతులుంచని పాస్టర్లకు మళ్లీ అభిషేకం చేయాలని ఆంగ్లికన్లు పట్టుబడితే, ఇన్నేళ్లుగా తాము ఇచ్చిన సంస్కారాలు చెల్లవని మిగతావారు ఒప్పుకున్నట్టవుతుంది. అభిషేకం అక్కర్లేదంటే బిషప్పుల పరంపర అవసరం లేదని ఆంగ్లికన్లు ఒప్పుకున్నట్టవుతుంది.

చివరికి కుదిరిన ఏర్పాటు ఇది. ఇకముందు కొత్త సంఘంలో బిషప్పులుంటారు, కొత్తగా అభిషేకం పొందే ప్రతి ఒక్కరికీ బిషప్పులే చేతులుంచుతారు. ఇప్పటికే సేవలో ఉన్న పాస్టర్లను మాత్రం ఏ సంఘం నుంచి వచ్చినా మళ్లీ అభిషేకం లేకుండానే పాస్టర్లుగా స్వీకరిస్తారు. ఏ స్థానిక సంఘం మీదా దాని మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధన విధానాన్ని గాని పాస్టరును గాని రుద్దబోమని ప్రతిజ్ఞ చేశారు. ఒక తరం గడిచేసరికి అందరూ బిషప్పుల చేతులుంచినవారే అవుతారు కాబట్టి సమస్య దానంతటదే సమసిపోతుంది. అంటే సిద్ధాంతపరంగా తేల్చలేనిదాన్ని కాలానికి అప్పగించారు. ఈ నూరేళ్ల ఐక్యత చర్చల్లో ఇంతకంటే తెలివైన పరిష్కారం నాకు కనిపించలేదు.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. అజరయ్య అంతకు రెండేళ్ల తొమ్మిది నెలల ముందే కన్నుమూశారు. ప్రెస్బిటేరియన్ పాస్టరైన లెస్లీ న్యూబిగిన్ ఆనాడే బిషప్పయ్యారు. బిషప్పుల పరంపరను పాటించే ఆంగ్లికన్ సంఘం, దాన్ని పాటించని సంఘాలతో విలీనమవడం అదే మొదటిసారి కావడంతో దూరాన కలకలం రేగింది. ప్రపంచ ఆంగ్లికన్ బిషప్పులు కూడే లాంబెత్ సమావేశంలో 1948లో, కొత్త అభిషేకాలను గుర్తించాలా వద్దా అన్నదానిపై వారి మధ్యే ఏకాభిప్రాయం కుదరలేదు. నంద్యాల ప్రాంతంలోని ఆంగ్లికన్లు చాలామంది కొత్త సంఘంలో చేరకుండా దశాబ్దాల పాటు వేరుగా ఉండిపోయారు. లూథరన్లు, బాప్టిస్టులు ఈ విలీనంలోకి రాలేదు. నేడు ఈ సంఘం ఆంగ్లికన్, మెథడిస్టు, రిఫార్మ్డ్ అనే మూడు ప్రపంచ కుటుంబాల్లోనూ సభ్యత్వం కలిగి ఉంది.

1970 నవంబరు 29న నాగపూరులో ఏర్పడిన ఉత్తర ఇండియా సంఘంలో బాప్టిస్టులు కూడా చేరారు. శిశువులకు బాప్తిస్మమిచ్చి పెద్దయ్యాక స్థిరపరచడమా, పెద్దయ్యాకే బాప్తిస్మమివ్వడమా అన్న భేదాన్ని అక్కడ రెండు పద్ధతులనూ సమానంగా అనుమతించి దాటారు.

విలీనానికి ఎదురైన ఓటములూ ఉన్నాయి. ఇంగ్లండులో ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాల కలయికకు 75 శాతం ఓట్లు కావాలని నిర్ణయించారు. 1969లో మెథడిస్టులు 77 శాతం ఇచ్చారు గాని, ఆంగ్లికన్ల పక్షాన 69 శాతమే వచ్చాయి. 1972లో మళ్లీ ప్రయత్నిస్తే దాదాపు 66 శాతానికి పడిపోయాయి. 1925లో ఐక్య సంఘం ఏర్పడిన కెనడాలో ప్రెస్బిటేరియన్లలో సుమారు మూడోవంతు మంది చేరకుండా తమ పాత సంఘాన్నే కొనసాగించారు. విలీనాలు సంఘాల సంఖ్యను తగ్గిస్తాయన్నది అన్నిసార్లూ నిజం కాదు.

## కలిసిపోకుండానే కలిసి ఉండడం

విలీనం కష్టమని తేలాక చాలామంది మరో దారి పట్టారు. 1973 లోయెన్‌బెర్గ్ ఒప్పందంతో ఐరోపాలోని లూథరన్, రిఫార్మ్డ్ సంఘాలు ఒకరి బల్లను, ప్రసంగ పీఠాన్ని మరొకరికి తెరిచాయి. మార్బర్గ్‌లో తెగని తగవు అలా తేలింది. ఎవరి సంఘం వారిదే, ఎవరి విశ్వాస ప్రకటన వారిదే. పాత ఖండనలు మాత్రం నేటి భాగస్వాములకు వర్తించవని రెండు పక్షాలూ ఒప్పుకున్నాయి.

ఈ పద్ధతి 1999 అక్టోబరు 31న ఔగ్స్‌బర్గ్‌లో మరింత పదునుగా వాడుకలోకి వచ్చింది. లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక శ్రీసభ నీతిమంతులుగా తీర్చబడడంపై ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. మన యోగ్యతను బట్టి కాక కృపచేతనే, క్రీస్తునందలి విశ్వాసం ద్వారా దేవుడు మనల్ని అంగీకరిస్తాడని రెండు పక్షాలూ కలిసి చెప్పాయి. ఆపైన ఒక్కో అంశాన్ని తీసుకుని, ముందు ఉమ్మడి వాక్యం, తర్వాత లూథరన్లు దాన్ని ఎలా గ్రహిస్తారు, కథోలికులు ఎలా గ్రహిస్తారు అని విడివిడిగా రాశారు. మిగిలిన భేదాలు మౌలిక అంగీకారాన్ని చెడగొట్టవన్నది నిర్ధారణ. 2006లో మెథడిస్టులు, 2017లో రిఫార్మ్డ్ సంఘాల సమాఖ్య కూడా దీనిలో చేరాయి. పదాలను చాకచక్యంగా అమర్చి భేదాన్ని దాచారని కొందరు జర్మన్ వేదాంతులు తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శ పూర్తిగా తీసివేయదగినది కాదు. 16వ శతాబ్దంలో సంఘాన్ని చీల్చిన అంశంపై ఒప్పందం కుదిరినా, లూథరన్లు, కథోలికులు నేటికీ ఒకే బల్లలో పాలు పొందడం లేదు.

## అభ్యంతరాలు ఎవరివి, ఎందుకు

కొందరు సువార్తిక క్రైస్తవులకు ఈ ఉద్యమం సత్యాన్ని తాకట్టు పెట్టి సఖ్యతను కొనడంలా కనిపిస్తుంది. రక్షణను గురించిన బోధ తేడాగా ఉన్నవారితో వేదిక పంచుకుంటే ఆ తేడా ముఖ్యం కాదన్న సంకేతం వెళుతుందని వారి ఆందోళన. అయితే సహకారానికి వీరు వ్యతిరేకులు కారు. వేర్వేరు శాఖల వారితో 1846లోనే లండన్‌లో సువార్తిక కూటమిని స్థాపించుకున్నది వీరే. ఆర్థడాక్సుల్లో సంప్రదాయవాదుల అభ్యంతరం ఇంకొకటి. నిజమైన సంఘం ఎన్నడూ చీలలేదని, దాని నుంచి కొందరు విడిపోయారని వారి నమ్మకం. కాబట్టి సంఘపు చీలికను మాన్పడమనే మాటే వారికి తప్పుగా వినిపిస్తుంది. 2016లో క్రీటు మహాసభలో ఇతర క్రైస్తవ వర్గాలను సంఘాలని పిలవవచ్చా అన్నదే పెద్ద వివాదమైంది. 14 స్వతంత్ర ఆర్థడాక్సు సంఘాల్లో నాలుగు ఆ సభకే రాలేదు. 2018లో ఉక్రెయిన్ సంఘపు స్వతంత్రతపై మాస్కో, కాన్‌స్టాంటినోపుల్‌తో సహవాసాన్ని తెంచుకుంది. ఇతరులతో ఐక్యత చర్చించేవారి ఇంట్లోనే కొత్త చీలిక వచ్చిందన్నమాట.

ఆధునిక కాలపు చీలికలు వేరే దారిలో నడుస్తున్నాయి. స్త్రీల అభిషేకం, స్వలింగ వివాహం వంటి అంశాలు పాత సరిహద్దులను పట్టించుకోవు. ఒకే శాఖలోని రెండు వర్గాల మధ్య దూరం, రెండు వేర్వేరు శాఖల్లోని ఒకే ఆలోచన గలవారి మధ్య దూరం కంటే ఎక్కువైపోతున్నది. ఆంగ్లికన్లు స్త్రీలను గురువులుగా, బిషప్పులుగా అభిషేకించడం మొదలుపెట్టాక కథోలికులతో పరస్పర గుర్తింపు మరింత దూరమైంది. తమ వరకు అది సువార్త కోరే న్యాయమని అభిషేకించినవారు అంటారు, పురుషులకే అభిషేకమన్న సంప్రదాయాన్ని మార్చే అధికారం సంఘానికి లేదని రోము అంటుంది.

## ఈస్టరు తేదీ అనే చిన్న పరీక్ష

సిద్ధాంతం దాదాపు ఏమీ లేని విషయంలో కూడా ఐక్యత ఎంత కష్టమో ఈస్టరు తేదీ చూపిస్తుంది. వసంత విషువత్తు తర్వాత వచ్చే పౌర్ణమి దాటాక మొదటి ఆదివారం పండుగ అన్న సూత్రం అందరిదీ ఒకటే. అయితే పశ్చిమ సంఘాలు గ్రెగోరియన్ క్యాలెండరుతో, ఆర్థడాక్సుల్లో అత్యధికులు ఇప్పుడు 13 రోజులు వెనుకబడిన జూలియన్ క్యాలెండరుతో, పాత చాంద్రమాన పట్టికలతో లెక్కిస్తారు. 2024లో పశ్చిమ ఈస్టరు మార్చి 31న, ఆర్థడాక్సు ఈస్టరు మే 5న వచ్చాయి. 2025లో రెండూ ఏప్రిల్ 20నే పడ్డాయి. 2026లో మళ్లీ ఏప్రిల్ 5, ఏప్రిల్ 12గా విడిపోయాయి.

1997లో అలెప్పోలో సమావేశమైన ప్రతినిధులు సూత్రాన్ని అలాగే ఉంచి, విషువత్తును, పౌర్ణమిని యెరూషలేము రేఖాంశాన్ని బట్టి ఖగోళ శాస్త్రం చెప్పినట్టు లెక్కిద్దామన్నారు. లెక్క సరైనదే, అయినా అమలు కాలేదు. తేదీ మార్చిన సంఘాల్లో పాత తేదీనే పట్టుకుని కొందరు విడిపోతారన్న భయం ఆర్థడాక్సు నాయకులకు ఉంది. 20వ శతాబ్దంలో స్థిర పండుగల క్యాలెండరును మార్చినప్పుడు గ్రీసులో అలాగే జరిగింది కూడా.

## మండలి బయట ఉన్న కోట్లాదిమంది

ఇంతవరకు చెప్పిన చర్చల్లో ఎక్కువ భాగం పాత సంఘాల మధ్య నడిచినవే. గత శతాబ్దంలో అన్నిటికంటే వేగంగా పెరిగిన పెంతెకొస్తు, స్వతంత్ర సంఘాల్లో చాలావాటికి బిషప్పుల పరంపర ఒక సమస్యే కాదు. వాటికి సంతకం చేయగల ప్రపంచ స్థాయి వ్యవస్థ కూడా చాలా సందర్భాల్లో ఉండదు. ఒక పాస్టరు స్థాపించిన స్వతంత్ర సంఘం తరఫున ఒప్పందం ఎవరితో చేసుకోవాలి, ఆ పాస్టరు తర్వాత దాన్ని ఎవరు పాటిస్తారు? మండలిలో చేరడానికి ఇష్టపడని ఈ సంఘాలను, కథోలికులను కూడా కలిపి మాట్లాడుకోవడానికి గ్లోబల్ క్రిస్టియన్ ఫోరం అనే వేదిక ఏర్పడింది. దాని మొదటి ప్రపంచ సమావేశం 2007లో కెన్యాలోని లిమూరులో జరిగింది. అక్కడ ముందు సిద్ధాంత పత్రాలు చదవరు. వచ్చినవారు ఒక్కొక్కరు తమ విశ్వాస యాత్రను చెబుతారు, ఎదుటివారు వింటారు. సంఘం పేరు విని ఏర్పరచుకున్న అభిప్రాయం, మనిషి సాక్ష్యం విన్నాక కొంత సడలుతుందన్నది నిర్వాహకుల ఆశ. ఈ వేదిక బాప్తిస్మాలను గుర్తించదు, బల్లను తెరవదు, అభిషేకాలను తూచదు. ఆ పని ఇంకా ఆయా సంఘాల మధ్య ఇద్దరిద్దరుగా నడుస్తున్న చర్చల్లోనే ఉంది.